ఒకటిన్నర అడుగుల ముకుందరావు

గొర్లె ముకుందరావు ఆ కంపెనీలో ఏం పని చేస్తాడో అతని పక్క సీటువాళ్లు కూడా ఒక్క ముక్కలో చెప్పలేకపోయేవారు. ఉద్యోగపత్రంలో ‘టెక్నాలజీ జనరలిస్ట్’ అని ఉండేది. పెళ్లయిన కొత్తలో భార్య సుగుణ దానర్థం అడిగితే చాలాసేపు ఆలోచించి, “అన్నిట్లో కొంచెం కొంచెం” అన్నాడు. “జీతం కూడా అలాగే ఇస్తారా?” అని ఆవిడ నవ్వింది.

మాదాపూర్‌లో అద్దాల మేడలో ఉండే ఆ కంపెనీ పాలకేంద్రాలకీ, రైసు మిల్లులకీ, కోల్డ్ స్టోరేజీలకీ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతుంది. ముకుందరావు పొద్దున్నే ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని లాగేవాడు. ఆ తర్వాత క్లౌడు బిల్లు ఎందుకు ఉబ్బిందో వెతికేవాడు. మధ్యాహ్నం, రాసినవాడు ఎప్పుడో మానేసి పోయిన పాత ప్రోగ్రాము ముందు కూర్చుని, వాడి బుర్రలోకి దూరే ప్రయత్నం చేసేవాడు. సాయంత్రం మిల్లు ఓనరు ఫోన్లో తిడుతుంటే ఓపిగ్గా విని, ఆ తిట్లలోంచి అసలు సమస్యని ఏరుకునేవాడు. ఇంటి దగ్గరా ఇదే తంతు. బాల్కనీలో పొట్ట విప్పిన ట్రాన్సిస్టరు ఒకటి, సగం నేర్చుకున్న ఒడియా లిపి పుస్తకం ఒకటి, ఆదివారాల్లో చదువుకోవడానికి ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న లిఫ్టు మాన్యువలు ఒకటి. నలభై ఆరేళ్లొచ్చినా ఏ మూత కనబడినా తీసి చూడాలనిపించేది.

అలా పద్దెనిమిదేళ్లు గడిచాక, కంపెనీ ఎండీ భూపతిగారు ఏదో కొండమీద జరిగిన పెద్ద సదస్సుకి వెళ్లి, కళ్లు మూసుకుని వచ్చారు. అంటే అక్కడ కళ్లు మూసుకోవడం నేర్పారు. తిరిగొచ్చిన మర్నాడు అందర్నీ హాల్లోకి పిలిచి, నిలబడి, కాసేపు కళ్లు మూసి, తెరిచారు.

“మనం వెడల్పుగా బతికాం. వెడల్పు అంటే భయం. లోతు అంటే ధైర్యం. ఈ ఏడాదిని మన సంస్థ లోతు సంవత్సరంగా అనుభూతి చెందబోతోంది” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ముకుందరావు కూడా కొట్టాడు. అతనికి లోతంటే వ్యతిరేకత ఏమీ లేదు.

తర్వాత మానవ వనరుల అధిపతి మృణాళినిగారు లేచి, అనుభూతిని అడుగుల్లో కొలిచే పద్ధతి వివరించారు. ఉద్యోగి పనిచేసిన ఏళ్లని అతనికి తెలిసిన విషయాల సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని పదితో హెచ్చవేస్తే అదే అతని లోతు. ఎవరి లోతు వారి మెడలో కార్డు మీద ఉంటుంది. పది అడుగుల లోపువాళ్లని ‘పైమట్టి’ అంటారు. పైమట్టిని మూడు నెలల్లో తొలగిస్తారు. బోర్డు మీటింగులు జరిగే గదికి ఆరోజే ‘బావి’ అని పేరు మార్చారు.

వారం తిరక్కుండానే ముకుందరావు కార్డొచ్చింది. అతనికి నూట ఇరవై విషయాలు తెలుసని లెక్క తేలింది. లోతు ఒకటిన్నర అడుగు. కంపెనీ మొత్తంలో అంతకంటే లోతు తక్కువ మనిషి లేడు. రెండేళ్ల కిందట చేరిన రిసెప్షన్ అమ్మాయికే నాలుగు అడుగులు వచ్చాయి.

మృణాళినిగారు అతన్ని పిలిపించారు.

“దీన్ని మీరు శిక్షగా చూడకూడదు, ప్రయాణంగా చూడాలి” అన్నారు.

“ఎక్కడికండీ ప్రయాణం?”

“లోపలికి. ఇన్ని విషయాలు మీరెందుకు తెలుసుకున్నారు ముకుందరావుగారూ? ఎవరైనా ప్రోత్సహించారా?”

“ఎవరూ లేరండీ. ఆగిపోయినవి కనిపించాయి, నేర్చుకున్నాను.”

ఆవిడ జాలిగా తలాడించి, ‘అనియంత్రిత అభ్యసనం’ అని రాసుకున్నారు.

ముకుందరావు సీటుకొచ్చి దిగాలుగా కూర్చుంటే, ఎదురుగా డేటాబేసులు చూసే నుస్రత్ కుర్చీ జరుపుకుంటూ వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుంటున్నారు.

“పరేషాన్ కాకండి సార్. లెక్క చూసిన్రా? కింద అంకె చిన్నగైతే పైన లోతు పెరుగుతది. నేను డేటాబేస్ అని రాసిస్తే ఆరు విషయాలు పట్టుకున్నరు, పదిహేను అడుగులే ఇచ్చిన్రు. బ్యాకప్ ఒక్కటే అని మార్చిన, తొంభై వచ్చింది.”

“మిగతా ఐదూ ఎవరు చేస్తారు?”

“అది వాళ్లు అడగలే, నేను చెప్పలే.”

ముకుందరావు రాత్రంతా తన నూట ఇరవైలో దేన్ని ఉంచుకోవాలా అని ఆలోచించాడు. పాత ప్రోగ్రాములు ఇష్టమే, కానీ వాటిలో విషయాలు బోలెడు. నెట్‌వర్కు అనగానే పది ముక్కలు చేస్తారు. చివరికి బావిలో ప్రొజెక్టరుకి పెట్టే కేబుల్ ఒకటి గుర్తొచ్చింది. దాని గురించి తెలుసుకోవాల్సింది పెద్దగా లేదు. మర్నాడు దాన్నే రాసిచ్చాడు. నూట ఎనభై అడుగులు.

మృణాళినిగారు కార్డు ఇస్తూ, అతనిలో ఇంకా లోతుకి అవకాశం కనిపిస్తోందన్నారు. ముకుందరావుకి హుషారు పుట్టింది. కేబుల్‌కి రెండు కొసలుంటాయి కాబట్టి తనది ప్రొజెక్టరు వైపు కొస మాత్రమే అని సవరించుకున్నాడు. సగం విషయంతో భాగిస్తే మూడు వందల అరవై అడుగులయింది. రెండో కొసని కొత్తగా వచ్చిన వేరే ఉద్యోగికి అప్పగించారు. ఈ సంగతి తెలిసి నుస్రత్ బ్యాకప్‌ని కూడా తగ్గించి మంగళవారం బ్యాకప్‌గా మార్చుకుని, ఆరు వందల ముప్పై అడుగులకి దిగిపోయింది. ఆ నెల బెస్ట్ ఎంప్లాయీ ఫొటో ఆవిడదే.

అయితే మిగతా నూట పంతొమ్మిది విషయాలూ ముకుందరావుకి తెలియవని రుజువు కావాలి. అందుకు విస్మరణ పరీక్షలు పెట్టారు. ఈ పరీక్షల్లో తప్పడమే ప్యాసు. మొదటిరోజు ‘ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే ఏం చేయాలి?’ అని వస్తే అతని చెయ్యి ఆగలేదు, పూర్తి జవాబు రాసేసింది. మృణాళినిగారు పిలిచి, “మీరు సహకరించడం లేదు” అని మందలించారు. రెండోసారి అదే ప్రశ్నకి ‘ప్రింటరు అంటే ఏమిటి?’ అని రాశాడు. నూటికి నూరు వచ్చాయి.

ఆ తర్వాత పెన్ను దానంతటదే నడిచింది. సర్వరంటే వడ్డించేవాడని రాశాడు. క్లౌడంటే వర్షాకాలంలో వస్తుందని రాశాడు. పరీక్షలన్నీ అయిపోయిన రోజు ఇంటికెళ్లి, బాల్కనీలో ట్రాన్సిస్టరు ముందు కూర్చుని స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, ఏమీ చేయకుండానే పక్కన పెట్టేశాడు.

“ఒంట్లో బాగాలేదా?” అంది సుగుణ.

“ప్రమోషనొచ్చేలా ఉంది” అన్నాడు.

ఆఫీసంతా లోతుగా తయారయింది. ఒకరి పని గురించి మరొకరు అడిగితే దాన్ని ‘ఊట’ అనేవారు. ఊట కనిపిస్తే మెమో ఇచ్చేవారు. క్యాంటీన్లో ఇడ్లీ వడ్డించేవాడు చట్నీ గిన్నె వైపు చూసేవాడు కాదు. మానవ వనరుల వాళ్లు కూడా తమని తాము తవ్వుకున్నారు. నియామకాలకి ఒకరు, రాజీనామాలకి ఒకరు, తొలగింపులకి ఒకరు. తొలగింపుల మనిషికి తొలగించడానికి పైమట్టి ఎవరూ మిగలక, పని లేక, లోతు పెరగక, చివరికి తన ఉత్తర్వు తనే తయారుచేసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఒక మంగళవారం పొద్దున్నే గోదావరి జిల్లా పాల సొసైటీ నుంచి ఫోనొచ్చింది. ఆ కేంద్రం సూపర్వైజరు మంగతాయారు. ఊళ్లోని ఆడవాళ్లు పాలక్యాన్లు తెచ్చి వరసలో నిలబడ్డారు. మామూలుగా కాటా మీద క్యాను పెట్టగానే కంప్యూటరు తూకమూ వెన్న శాతమూ రాసుకుని చీటీ ఇస్తుంది. చీటీ వచ్చాకే ట్యాంకు వాల్వు తెరుచుకుంటుంది. అలా చేసిపెట్టింది ఈ కంపెనీయే. ఆరోజు చీటీ రావడం లేదు.

నిపుణులందరూ బావిలోకి దిగారు. ముకుందరావునీ పిలిచారు, ప్రొజెక్టరు వైపు కొస పెట్టడానికి. అతను పెట్టాడు. రెండో కొస ఉద్యోగి సెలవులో ఉన్నాడు. ఆ కొస బల్లమీద ల్యాప్‌టాప్‌కి జానెడు దూరంలో పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి తెర నల్లగానే ఉండగా, ఫోను స్పీకర్లో మాట్లాడారు.

“నా వైపు లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి” అన్నాడు నెట్‌వర్కులో వచ్చే దారి నిపుణుడు.

“నా వైపూ పచ్చే” అన్నాడు పోయే దారి నిపుణుడు.

కాటా నిపుణుడిది పచ్చ. వెన్న శాతం నిపుణురాలిది పచ్చ. చీటీ మార్జిన్ల నిపుణుడు, చీటీ వస్తే మార్జిన్లు తప్పకుండా బాగుంటాయని హామీ ఇచ్చాడు.

“అన్నీ పచ్చగా ఉన్నప్పుడు మీ సమస్యకి ఆధారం ఏమిటమ్మా?” అన్నారు భూపతిగారు.

“ఆధారం క్యాన్లలో ఉందండీ” అంది మంగతాయారు. “ఎండెక్కుతుంది. పాలాగవు కదండీ. ఇక్కడ తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క పడుతుందండీ. నో స్పేస్ అంట.”

గదిలో అందరూ తమ తమ మెడల్లో కార్డులు చూసుకున్నారు.

“స్పేస్ ఎవరి లోతు?” అని అడిగారు మృణాళినిగారు.

స్టోరేజీ నిపుణుడు గొంతు సవరించుకుని, తన లోతు స్టోరేజీ వేగమనీ, అది నిండడం తన పరిధిలోకి రాదనీ వినయంగా మనవి చేశాడు. నిండడానికి నిపుణుడు లేడని తేలింది. మృణాళినిగారు వెంటనే ఆ ఉద్యోగానికి ప్రకటన ఇద్దామన్నారు. ప్రకటనలో ‘నిండుట’ అనాలా, ‘నిండిపోవుట’ అనాలా అనే చర్చ మొదలైంది.

ముకుందరావు ప్రొజెక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. వచ్చే నెల తనకి ‘విశిష్ట లోతరి’ బిరుదు ఇవ్వబోతున్నారని అతనికి తెలుసు. స్పీకర్లో వెనకనించి ఎవరో ముసలావిడ, “తల్లీ, ఈ పాలు ఇంటికి మోసుకుపోమంటావా?” అని అడుగుతోంది. సర్వరులో పాత రోజువారీ నమోదులు అటకమీద సామానులా ఏళ్లతరబడి పేరుకుపోతాయని, వాటిని దించితే చాలని, అతనికి ఎప్పటినుంచో తెలుసు. తెలియదని రాసిచ్చిన మాట కూడా నిజమే.

అతను నడిచి వెళ్లి నుస్రత్ ముందు నిలబడ్డాడు. ఆవిడ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

పని అయిపోయేసరికి ‘నిండిపోవుట’కి మెజారిటీ వచ్చింది.

“చీటీ వచ్చిందండీ” అంది మంగతాయారు. వెనకాల క్యాన్ల మూతల చప్పుడు వినిపించింది. “చల్లగా ఉండండి బాబూ, ఎవరో గానీ.”

నిపుణులంతా తమ తమ పచ్చదనమే పనిచేసిందని ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు. మృణాళినిగారు మాత్రం కలపలేదు. మధ్యాహ్నానికి నోటీసు తీసి, ముకుందరావునీ నుస్రత్‌నీ పిలిచారు.

“పని అయింది. దాంతో నాకు ఇబ్బంది లేదు. కానీ అది అర్హత లేని జ్ఞానం వల్ల అయింది. ఇది సంస్థ పునాదిలో ఊట. కాబట్టి ఆ మరమ్మతుని వెనక్కి తీసుకుంటున్నాం.”

ముకుందరావుకి అర్థం కాలేదు. “బాగైనదాన్ని వెనక్కి తీసుకోవడం అంటే?”

“మీరు తీసేసిన నమోదుల్ని మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. నిండిపోవుట నిపుణుణ్ని నియమించాక, ఆయన సక్రమంగా తీస్తారు. వాటి నకలు మంగళవారం బ్యాకప్‌లో ఉందని తెలిసింది.”

మంగళవారం బ్యాకప్ నుస్రత్ చేతిలోది. బయటికొచ్చాక ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి, “నాకు మిగిలింది ఆ ఒక్క పనే సార్” అంది. “అది కూడా చెయ్యనంటే నేనేం మిగుల్త చెప్పండి.”

ఆవిణ్ని తప్పుపట్టే హక్కు తనకి లేదనిపించింది ముకుందరావుకి. ప్రింటరంటే ఏమిటని రాసింది తనే.

నమోదులు తిరిగి పెట్టారు. స్టోరేజీ మళ్లీ నిండింది. సాయంత్రం పాలు వచ్చే వేళకి చీటీ ఆగిపోయింది. మంగతాయారు కంపెనీకి ఫోన్ చేస్తే, నియామక ప్రక్రియ నడుస్తోందని చెప్పారు. చీకటిపడే వేళకి ముకుందరావు నంబరు ఎవరినో అడిగి పట్టుకుంది.

“పొద్దున్న బాగుచేసింది మీరేనంట కదండీ. మళ్లీ పాడుచేసింది కూడా మీరేనాండీ?”

“కాదండీ. మావాళ్లే.”

“పాల లారీ ఖాళీగా పోయిందండీ. పాలు రోడ్డు పక్క కాలవలో పారబోస్తున్నారు. తిట్టుకుంటూ పోస్తే బాగుండును, మాటాడకుండా పోస్తున్నారండీ.”

అటునుంచి ఖాళీ క్యాన్లు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ముకుందరావుకి అంతదాకా నవ్వు తెప్పించిన సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఒక్కదానికీ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే బావిలో విచారణ. భూపతిగారు, మృణాళినిగారు ఒకవైపు కూర్చున్నారు. ముకుందరావు వాళ్లకి ఎదురుగా కూర్చున్నాడు.

“మీ మీద సంస్థకి ప్రేమ ఉంది” అన్నారు భూపతిగారు కళ్లు మూసుకుని. “మూడు వందల అరవై అడుగుల మనిషిని పోగొట్టుకోలేం. మీ చెయ్యి పొరపాటున తగిలి ఆ పని జరిగిందని చెప్పండి. పొరపాటుకి క్షమాపణ ఉంది. తెలివికి లేదు.”

“తెలిసే చేశానండీ” అన్నాడు ముకుందరావు.

“తొందరపడకండి.”

“తొందరేం లేదండీ. ఇందాక మెట్ల మీద కూర్చుని మళ్లీ చేశాను. ఈసారి నకలు కూడా ఇక్కడ ఉంచలేదు, సొసైటీ వాళ్ల దగ్గరే పెట్టేశాను. పొద్దుటి పాలు ట్యాంకులోకి వెళ్లిపోయాయి.”

భూపతిగారు కళ్లు తెరిచారు. “ఇతన్ని తీసేయండి.”

మృణాళినిగారు ఇబ్బందిగా కదిలారు. “సార్, మన దగ్గర తొలగింపుల నిపుణుడు లేడు.”

“అయితే నేనే తీసేస్తున్నాను.”

“మీ లోతు దార్శనికత సార్. తొలగింపు మీ కార్డు మీద లేదు.” ఆవిడ ముకుందరావు వైపు తిరిగి, “మీరే గౌరవంగా రాజీనామా ఇస్తే?” అన్నారు.

“రాజీనామా ఇవ్వడం నాకు రాదండీ” అన్నాడు ముకుందరావు. “నాకు కేబుల్ ఒక కొస మాత్రమే వచ్చని మీరే సర్టిఫై చేశారు.”

దాంతో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. తొలగింపులు తప్ప మరేదీ తెలియని వ్యక్తి కావాలన్నారు. అలాంటి మనిషి దొరికేదాకా కొన్ని వారాలపాటు ముకుందరావు మామూలుగా వచ్చి కూర్చున్నాడు. తీసేయలేని మనిషికి మెమో ఇచ్చి లాభం లేదని కనిపెట్టి, జనం ఒక్కొక్కరే మెట్ల వైపునుంచి అతని దగ్గరికి రాసాగారు. అతను ఎవర్నీ వెనక్కి పంపలేదు. పద్దెనిమిదేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ పనిచేయలేదని సుగుణతో చెప్పాడు.

కొత్త నిపుణుడి పేరు పరాంకుశం. సన్నగా, బెరుగ్గా, మర్యాదగా ఉండేవాడు. చేరినరోజే ఎవరో చెయ్యి చూపిస్తే ముకుందరావు సీటు దగ్గరికి వచ్చి, ప్రింటరు పనిచేయడం లేదనీ, మొదటిరోజే మాట పడాల్సి వస్తుందేమోననీ అన్నాడు. ముకుందరావు లేచి వెళ్లి వెనక మూత తీసి, ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా లాగి, మూత వేశాడు. ప్రింటరు కాస్త మూలిగి ఒక కాగితాన్ని బయటపెట్టింది. ముకుందరావు దాన్ని తీసి చూశాడు. అది తన తొలగింపు ఉత్తర్వే.

పరాంకుశం నేల చూశాడు. “మీరేనని నాకు తెలియదండీ.”

“తెలియకపోవడమే కదా మీ అర్హత” అన్నాడు ముకుందరావు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆఫీసు కాపీ కూడా కావాలి కదా, ఉండండి.” ఇంకొకటి తీసి ఇచ్చాడు.

“మళ్లీ ఆగిపోతే ఎవరిని అడగాలండీ?”

“ఇక నుంచి నేను బయటివాణ్ని. బయటివాళ్లకి లోతు రూలు లేదు. వాళ్లకి ఎన్ని తెలిసినా ఊట కింద రాదు. నాకే ఫోన్ చేయండి.”

నుస్రత్ లిఫ్టు దాకా వచ్చింది. ముకుందరావు కిందికి దిగి, కార్డు సెక్యూరిటీకి అప్పగించి, రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాడో లేదో ఫోను మోగింది. భూపతిగారు.

“ముకుందరావుగారూ, సంస్థ పరిధికి వెలుపల ఉన్న ఒక విస్తృత జ్ఞానవనరుగా మిమ్మల్ని సంప్రదించే అవకాశాన్ని మేం లోతుగా పరిశీలిస్తున్నాం” అన్నారాయన. గొంతు గంభీరంగానే ఉంది గానీ, వెనకాల చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నారు.

“ఏం ఆగిపోయిందండీ?” అన్నాడు ముకుందరావు.